రోగి పడక పక్కన

జైల్లో మనిషిని మనిషి ముట్టుకునేది ముఖ్యంగా రెండు పనులకి. తనిఖీకి, తోయడానికి. లోపలికి తెచ్చిన రోజు ఒళ్ళంతా తడిమి చూస్తారు. ములాఖత్‌కి వెళ్ళొస్తే మళ్ళీ తడుముతారు. వరసలో వెనకబడితే వీపు మీద చెయ్యి పడుతుంది. అలాంటి చోట మణికట్టు పట్టుకుని నాడి చూసి, ‘రాత్రి నిద్ర పట్టిందా?’ అని అడిగే మనిషి డాక్టరొక్కడే. బయట ఆ ప్రశ్నకి పెద్ద విలువ లేదు. పక్కింటివాళ్ళు కూడా అడుగుతారు, జవాబు వినకుండానే పాల ప్యాకెట్ తీసుకుని లోపలికి వెళ్ళిపోతారు. నంబరుతో పిలిపించుకునేవాళ్ళకి మాత్రం తమ నిద్ర గురించి ఒకరు ఆరా తీయడమంటే, మీరింకా మనుషులేనని సంతకం పెట్టి ఇచ్చినట్టు.

అందుకే ఖైదీకీ డాక్టరుకీ ప్రేమ కుదర్చడం కథకులకి మహా సులువు. గోడ ఉంది, ఒంటరితనం ఉంది, జ్వరం ఉంది, తెల్లకోటు ఉంది. ఇక కావలసిందల్లా ఓ పాట. ఈ సులువుని నమ్మకుండా దాన్ని విప్పి చూసిన సినిమా ‘బందిని’. 1963లో బిమల్ రాయ్ తీశారు. యావజ్జీవ ఖైదీ కల్యాణిగా నూతన్, జైలు డాక్టరు దేవేన్‌గా ధర్మేంద్ర, ఆమె పాత ప్రేమికుడు బికాష్‌గా అశోక్ కుమార్. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటితో కలిపి ఆరు ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి. చాలామంది దీన్ని త్యాగం కథగా చెప్పుకుంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం తక్కువ. మంచివాడొకడు మంచి మాట అడిగితే, ఆ మంచితనానికి లొంగకుండా ‘వద్దు’ అన్న ఆడమనిషి కథ ఇది.

దీని మూలం ‘తామసి’ అనే బెంగాలీ నవల. రాసినాయన జైలు మనిషి. చారుచంద్ర చక్రవర్తి బెంగాల్ జైళ్ళలో అధికారిగా పనిచేస్తూ ‘జరాసంధ’ అనే కలం పేరు పెట్టుకున్నారు. రాజుల్ని పట్టి తెచ్చి గిరివ్రజంలో బంధించినవాడి పేరు ఒక జైలు అధికారి ఎంచుకున్నాడంటే, తన ఉద్యోగం గురించి ఆయనకి భ్రమలేమీ లేవన్నమాట. మన తెలుగులో జైలు నుంచి వచ్చిన గొప్ప రచనలు ఎక్కువగా లోపల పడ్డవాళ్ళవి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని ఖైదులో ఉండగానే రాశారు. వట్టికోట ఆళ్వారుస్వామి తనతో పాటు శిక్ష అనుభవించినవాళ్ళని ‘జైలు లోపల’ కథల్లోకి తెచ్చారు. తాళంచెవుల గుత్తి మొలకి కట్టుకున్నవాడి చూపు ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ బెంగాలీ ఆయన్ని చదవాలి. ఆయనకి అందరి ఫైళ్ళూ అందుబాటులో ఉంటాయి. ఫైలులో నేరం ఉంటుంది, తేదీ ఉంటుంది, సెక్షన్ ఉంటుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి అందులో ఎక్కడా కనిపించదు. ఆ తేడా రోజూ చూసినవాడు రాసిన కథ కనకే ‘బందిని’లో జైలరు కల్యాణి ఫైలుతో సరిపెట్టుకోడు, ఆమె గతం ఆమె చేతే రాయిస్తాడు.

కథ 1934 ప్రాంతపు బెంగాల్‌లో జరుగుతుంది. ఆడఖైదీల్లో ఒక ముసలామెకి క్షయ. ఎవరూ దగ్గరికి పోరు. ఎవరైనా సేవ చేస్తారా అంటే కల్యాణి ముందుకొస్తుంది. ఇది ఇప్పటి ప్రేక్షకుడికి మామూలు మంచితనంలా కనిపించవచ్చు. ఆ కాలానికి క్షయకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకు గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, దేవుడి దయ. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలకి వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళేవారు, తక్కినవాళ్ళు ఇంట్లో ఓ మూల మంచం మీద దగ్గుతూ పోయేవారు. అలాంటి రోగి పక్కన కూర్చుంటానని చెప్పడమంటే తన ప్రాణం మీద తనకి ఆశ లేదని చెప్పడమే. డాక్టరు దేవేన్ దాన్ని కరుణ అనుకుంటాడు. ముసలామె మూతి తుడిచే చేతుల్ని, నిద్రలేని ఆ కళ్ళని చూసి ప్రేమలో పడతాడు.

అతనికి అప్పటికి తెలియని సంగతి ఒకటుంది. ఆ చేతుల్లోనే ఇంతకుముందు ఇంకో రోగి చచ్చిపోయింది.

కల్యాణి పల్లెటూరి పోస్టుమాస్టరు కూతురు. బికాష్ విప్లవకారుడు. ఆ రోజుల్లో బెంగాల్ ప్రభుత్వం అనుమానితుల్ని ఊరు దాటకూడదనే షరతు మీద మారుమూల గ్రామాల్లో ఉంచేది, అలా వచ్చినవాడు. ప్రేమించాడు, తిరిగొస్తానన్నాడు, రాలేదు. వేరే పెళ్ళి చేసుకున్నాడని కబురు మాత్రం వచ్చింది. ఊరి నోళ్ళకి తట్టుకోలేక, తండ్రికి తలవంపులు తేలేక ఆమె పట్నం చేరి ఆసుపత్రిలో పనికి కుదిరింది. అక్కడ నరాల జబ్బుతో అరుస్తూ, కసురుకుంటూ, గ్లాసులు విసిరేసే ఓ ధనిక రోగికి చాకిరీ. కూతుర్ని వెతుక్కుంటూ వచ్చిన తండ్రి పట్నంలో ప్రమాదంలో పోయాడు. ఆ రోజే, ఆ రోగి బికాష్ భార్య అని ఆమెకి తెలిసింది.

ఆ తర్వాతి దృశ్యం గురించి హిందీ సినిమా మీద రాసినవాళ్ళంతా రాశారు, నేనూ రాయకుండా ఉండలేను. నూతన్ మాట్లాడదు. బయట ఎక్కడో ఇనుము మీద సుత్తి దెబ్బలు. వెల్డింగ్ వెలుగు కిటికీలోంచి వచ్చి ముఖం మీద మెరిసి ఆరిపోతుంది. స్టవ్వు, టీ, విషం సీసా. కమల్ బోస్ కెమెరా ఆమె ముఖాన్ని వదలదు. ఆ ముఖంలో మొదట నొప్పి ఉంటుంది, తర్వాత ఏదీ ఉండదు. మన సినిమాల్లో హత్య చెయ్యబోయే మనిషి పళ్ళు కొరకాలి, కళ్ళు ఎర్రచెయ్యాలి, వెనక వాయిద్యాలన్నీ ఒకేసారి మోగాలి. ఇక్కడ కమ్మరి పని మాత్రమే వినిపిస్తుంది. తర్వాత ఆమె దాచదు, నేనే చంపానని అందరి ఎదుటా ఒప్పుకుంటుంది.

ఇప్పుడు జైలు ఆసుపత్రి మంచం దగ్గరికి తిరిగి రండి. దేవేన్ ఒక వైపు నిలబడ్డాడు, కల్యాణి ఒక వైపు. మధ్యలో రోగి. అతనికి ఆ మంచం ప్రేమ మొదలైన చోటు. ఆమెకి అది నేరస్థలం. కల్యాణి ‘వద్దు’ అనడానికి కారణం సినిమా పైకి ఒకటి చెబుతుంది, నేను హంతకురాలిని, మీ జీవితం పాడవుతుందని. అది నిజమే అయినా సగమే. అతను ఏ చేతుల్ని చూసి మనసుపడ్డాడో ఆ చేతులకి ఆమె ఒక శిక్ష వేసుకుంది. కోర్టు వేసింది జీవిత ఖైదు, ఆమె వేసుకున్నది రోగి సేవ. ఆ శిక్షని అతను అందమనుకున్నాడు. పాపం, అతని తప్పేం లేదు. దూరం నుంచి చూస్తే ప్రాయశ్చిత్తమూ వాత్సల్యమూ ఒకేలా ఉంటాయి.

డాక్టరు మంచివాడే, సరే. అతని కుర్చీ సంగతి కూడా చూడాలి. అప్పటి జైళ్ళని నడిపింది 1894 నాటి జైళ్ళ చట్టం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు అదే నడిచింది. అందులో డాక్టరుకి అప్పగించిన పనులు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. పనిలో పెట్టిన ఖైదీల బరువు కనీసం పదిహేను రోజులకోసారి తూయించి, ఖైదీ వివరాలుండే హిస్టరీ టికెట్ మీద రాయించాలి. ఒంటరి కొట్లో 24 గంటలు దాటి ఉంచినవాణ్ణి రోజుకోసారి వైద్యసిబ్బంది చూసి రావాలి. ఇంతవరకు బాగానే ఉంది. కొరడా దెబ్బలు కొట్టే ముందు ఈ ఒళ్ళు తట్టుకోగలదని తేల్చాల్సింది కూడా డాక్టరే, కొట్టేటప్పుడు పక్కన నిలబడాల్సిందీ వైద్యుడే. ఉరి తీశాక ప్రాణం పోయిందని చెప్పే పని కూడా అతనికే పడేది. నాడి చూసే ఆ చెయ్యి గుండెకి ఊరటా ఇవ్వగలదు, కొరడాకి అనుమతీ ఇవ్వగలదు. ‘బందిని’లో ఒక యువ విప్లవకారుణ్ణి ఉరికంబానికి తీసుకువెళ్ళే ఘట్టం ఉంది. అది ప్రేమ కథకి సంబంధం లేని దేశభక్తి అతుకు అని కొందరు విసుక్కుంటారు. నాకలా అనిపించదు. ఈ గోడల మధ్య ఉద్యోగం చేసే ఏ దయగల మనిషైనా ఏ యంత్రంలో పళ్ళచక్రమో అది చూపిస్తుంది. గస్తీ తిరిగే కాపలావాడు అంతా సవ్యంగానే ఉందని కేక వేస్తూ పోతుంటాడు, అలాంటి చోట.

ఇక ఖైదీ ఒప్పుకోలు సంగతి. లోపల ఉన్న మనిషి ‘సరే’ అంటే దాన్ని ఎంతవరకు నమ్మాలి? మంచి పడక, ఓ గ్లాసు పాలు, తేలిక పని, శిక్ష తగ్గింపుకి ఓ మంచి మాట, ఇవన్నీ ఎవరి కలం మీద ఆధారపడి ఉన్నాయో ఆ మనిషికే ‘సరే’ అన్నప్పుడు అందులో ప్రేమ పాలెంతో, బతుకు పాలెంతో ఆ చెప్పిన మనిషే విడదీసి చెప్పలేకపోవచ్చు. మన చట్టం ఈ సంగతి గుర్తించడానికి చాలా కాలం పట్టింది. మహారాష్ట్రలో 1972లో పోలీసు స్టేషన్‌లో ఒక గిరిజన బాలికపై జరిగిన అత్యాచారం కేసులో సుప్రీం కోర్టు ఇద్దరు పోలీసుల్ని విడిచిపెట్టింది. 1979లో ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ కోర్టుకే బహిరంగ లేఖ రాశారు. ఒప్పుకోవడం వేరు, లొంగిపోవడం వేరు అన్నది అందులో ముఖ్యమైన వాదన. ఆ కదలిక ఫలితంగా 1983లో శిక్షాస్మృతి మారింది. జైలు అధికారి తన హోదాని వాడుకుని ఖైదీని శారీరక సంబంధానికి లోబరుచుకుంటే, బలవంతం అన్న మాట లేకపోయినా నేరమే. ఆసుపత్రి సిబ్బందికీ రోగికీ మధ్య కూడా అంతే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 68వ సెక్షన్, 5 నుంచి 10 ఏళ్ళ కఠిన శిక్ష.

దేవేన్ అలాంటివాడు కాదు, పెళ్ళి మాట తప్ప వేరే మాట ఎత్తలేదు. కానీ జైలు డాక్టరు అంటే ఈ రెండు హోదాలూ ఒకే మనిషిలో ఉన్నవాడు. ‘బందిని’ ఈ చట్టం కంటే 20 ఏళ్ళు ముందు వచ్చి, దీన్ని ఏ సెక్షనూ లేకుండా చెప్పింది. కల్యాణి నోటి నుంచి వచ్చే ఒక్క మాటలో ఏ లాభాపేక్షా లేదని మనం కచ్చితంగా చెప్పగలం. అది ‘వద్దు’. దానివల్ల ఆమెకి పాలు రావు, సుఖం రాదు, విడుదలా దగ్గరపడదు. దేవేన్ గొప్పతనం కూడా ఇక్కడే ఉంది. ఆ ‘వద్దు’ని బెట్టు అనుకోలేదు. మన కథానాయకులైతే గోడ దూకి, చెట్టెక్కి, ఆమె చేత ‘సరే’ అనిపించేదాకా పాటల మీద పాటలు పాడి ఉండేవాళ్ళు. ఇతను ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు.

దీనికి పూర్తిగా తలకిందులుగా ఉన్న కథ ఒకటి ఈ తరం పిల్లలకి బాగా తెలుసు. 2005లో మొదలైన అమెరికన్ సీరియల్ ‘ప్రిజన్ బ్రేక్’. అన్నని తప్పించడానికి కావాలని జైలుకి వచ్చిన మైకేల్ స్కోఫీల్డ్ తనకి మధుమేహం ఉందని అబద్ధం చెప్పి, ఇన్సులిన్ సూది పేరుతో రోజూ ఆసుపత్రి గదికి వెళ్తాడు. అతనికి కావలసింది ఆ గది, తప్పించుకునే దారి దాని గుండానే పోతుంది. డాక్టరు సారా టాంక్రెడి, రాష్ట్ర గవర్నరు కూతురు. అవసరం ప్రేమగా మారుతుంది, చివరికి అతను అడిగినట్టు ఆమె తలుపు తాళం వెయ్యకుండా వదిలేస్తుంది. ఆ తర్వాత మత్తుమందు ఎక్కువ తీసుకుని చావు అంచుదాకా వెళ్తుంది. అక్కడ ఖైదీ మగవాడు, డాక్టరు ఆడమనిషి, మోసం ఖైదీ వైపు నుంచి మొదలైంది. అయినా నాకు రెండు కథల్లోనూ ఒకే సంగతి కనబడుతుంది. జైలు గోడలో అన్నిటికంటే పల్చటి చోటు ఆసుపత్రి గదే. సీరియల్ వాళ్ళు ఆ పల్చదనాన్ని పారిపోవడానికి వాడుకున్నారు. ఉత్కంఠ బాగుంటుంది, కాదనను. మూడు ఎపిసోడ్లు వరసగా చూసి తెల్లవారి తలనొప్పి తెచ్చుకున్న బాపతే నేనూ. కానీ కల్యాణిని తలుచుకున్నంతగా సారాని ఎప్పుడూ తలుచుకోలేదు.

‘బందిని’ పాటల గురించి ఒక్క మాట. సంగీతం ఎస్.డి. బర్మన్. గుల్జార్‌కి పేరు తెచ్చిన తొలి పాట ఇందులోదే, తక్కినవి శైలేంద్ర రాశారు. వాటిలో జైలు ఆవరణలో ఒక ఖైదీ తిరగలి తిప్పుతూ పాడే పాటని నేను అన్నిటికంటే పైన పెడతాను. ఈ ఏడైనా నన్ను తీసుకురమ్మని అన్నని పంపవా నాన్నా అని పుట్టింటిని అడగడం. మన తిరగలి పాటల్లో, ఆషాఢం, శ్రావణం కబుర్లలో ఉన్న బెంగే. ఆ ఆడవాళ్ళని ఏ అన్నా వచ్చి తీసుకుపోడు. చాలామందికి ములాఖత్‌కి కూడా ఎవరూ రారు. మగవాడు జైలుకి పోతే పెళ్ళాం క్యారియర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడుతుంది. ఆడది పోతే ఇల్లు తలుపు మూసుకుంటుంది. డాక్టరు అడిగిన ‘ఎలా ఉంది?’కి ఆ చోట అంత బరువు ఎందుకొచ్చిందో ఈ పాట విన్నాక వేరే చెప్పక్కర్లేదు.

సత్ప్రవర్తన కింద కల్యాణి ముందే విడుదలవుతుంది. దేవేన్ మనసు మారలేదు, అతని తల్లి కూడా ఆమెని కోడలిగా తెచ్చుకోవడానికి సిద్ధపడింది. వార్డరమ్మని తోడిచ్చి దేవేన్ ఇంటికి రైలెక్కించడానికి పంపుతారు. స్టీమరు ఘాట్ పక్కనే రైలు. అక్కడ వెయిటింగ్ రూములో బికాష్ తగులుతాడు, క్షయతో చిక్కి, మనిషి సగమై. ఆనాటి పెళ్ళి పార్టీ ఆజ్ఞ మీద, పని కోసం చేసుకున్నదని అప్పుడు తెలుస్తుంది. స్టీమరు కూత వేస్తుంది. రైలూ కూత వేస్తుంది. బర్మన్ గొంతు పడవవాడి పాటై పరుచుకుంటుంది. కల్యాణి పరుగెత్తి స్టీమరెక్కుతుంది.

ఇక్కడ నాకు బిమల్ రాయ్‌తో పేచీ ఉంది. పార్టీ చెప్పింది కాబట్టి చేసుకున్నాను అన్న మాటతో అంతా తీరిపోతుందా? ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే ఆమె ఊరు వదిలేది కాదు, తండ్రి పట్నం వచ్చేవాడు కాదు, ఆ రోగీ బతికి ఉండేది. దేశం కోసం ఇల్లు వదిలినవాడు పోస్టుమాస్టరు కూతురికి కార్డు రాయలేకపోయాడు, చిత్రం చూడండి. స్వాతంత్ర్య పోరాటం పేరు చెబితే ఆడవాళ్ళకి చేసిన అన్యాయాలన్నీ ఖర్చు పద్దులో కొట్టుకుపోవాలనే అలవాటు ఈ ముగింపులో కొంత ఉంది. ఆ కాలపు ప్రేక్షకులు చప్పట్లు కొట్టి ఉంటారు. నేను కొట్టలేను.

అయితే మంచాల వరస గుర్తు పెట్టుకుంటే ముగింపు ఇంకోలా కూడా అందుతుంది. ఒక రోగిని కోపంతో చంపింది. ఇంకో రోగికి శిక్షగా సేవ చేసింది. ఈసారి ఎదురుగా ఉన్న రోగి దగ్గరికి ఆమెని ఎవరూ పంపలేదు. కోర్టు పంపలేదు, జైలరు పంపలేదు, వార్డరమ్మ అయితే రెండో వైపు పంపాలని చూస్తోంది. బంధువులు, అధికారులు, చుట్టూ ఉన్న మంచివాళ్ళంతా కలిసి ఆమె కోసం కొన్న టిక్కెట్టు రైలుది. ఆ ఇంట్లో ఆమెకి ప్రేమ దొరికేది, గౌరవం దొరికేది, అత్తగారి ఆదరణా దొరికేది. వాటితో పాటు, నిన్ను క్షమించి తెచ్చుకున్నాం అన్న సంగతి ఎవరూ పైకి అనకపోయినా పండక్కీ పబ్బానికీ గుర్తొస్తూనే ఉండేది. బికాష్ దగ్గర ఆ బాకీ లేదు. ఆ హత్యలో అతనికీ వాటా ఉంది, అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఇద్దరిలో ఎవరూ ఇంకొకరిని క్షమించే ఎత్తు మీద లేరు.

స్టీమరు ఎక్కడం సరైన పనో కాదో నేను తేల్చుకోలేదు. రైలు ఎక్కకపోవడం మాత్రం సరైన పనే అంటాను. చూడనివాళ్ళు ఈ సినిమా చూడండి. ఇంత మంచి డాక్టర్ని కాదంటుందా అని మీకు కోపం వస్తే, ఒక్క నిమిషం ఆపి, అతను పెళ్ళి మాట ఎత్తిన రోజున గేటు తాళంచెవులు ఎవరి వైపు ఉన్నాయో చూసుకోండి.